రోజూ గడ్డం గీసుకోవాలి, మెడ నిండా గింజలు, ఖర్చూ ఎక్కువే: ఏ రేజరు కొనాలి?

బాబూ,

మీరు అడిగింది ఇదీ. సొంతూరు గునుపురం, ఉద్యోగం రాయగడలో సెక్యూరిటీ. డ్యూటీకి రోజూ నున్నగా గడ్డం గీసుకుని వెళ్ళాలి. మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జి రేజరు వాడుతున్నారు, నెలకు మూడు నాలుగు వందలు దానికే పోతోంది. అయినా దవడ కింద, మెడ మీద ఎర్రటి గింజలు లేస్తున్నాయి, చొక్కా కాలరు తగిలితే మంట. అద్దె గదిలో కుళాయి లేదు, బోరు నీళ్ళు బకెట్లో పట్టుకుని పని కానిచ్చుకోవాలి. ఇంట్లో తాతగారి పాత ఇనుప రేజరు ఉంది, అది పనికొస్తుందా అని కూడా అడిగారు.

నాది పర్లాకిమిడిలో సెలూను. మా నాన్నగారి కాలం నుంచీ ఇదే వృత్తి. ఇటు గునుపురం, కాశీనగరం నుంచి, అటు సరిహద్దు దాటి పాతపట్నం నుంచి మనవాళ్ళు వస్తుంటారు. పోలీసు ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు, మీలాగే సెక్యూరిటీలో చేరినవాళ్ళు కాలరు పక్కకు లాగి చూపించేది ఈ గింజలనే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. ఒక్క బ్లేడుండే రేజరుకు మారండి. రెండు వైపులా పదునున్న మామూలు బ్లేడును బిగించుకునే లోహపు రేజరయితే ఖర్చు బాగా తగ్గుతుంది, మెడకూ హాయిగా ఉంటుంది. అది అలవాటయ్యేదాకా, లేదా డ్యూటీకి ఆలస్యమైన రోజున, ఒక్క బ్లేడు కార్ట్రిడ్జి ఉండే చవక రేజరు చాలు. ఇంకా ఖరీదైన రేజరు కొంటే గింజలు తగ్గుతాయని మాత్రం అనుకోవద్దు. మీ విషయంలో అది మంటను పెంచే అవకాశమే ఎక్కువ.

కారణం చెబుతాను. రెండు బ్లేడ్ల రేజరు 1971లో వచ్చింది, మూడు బ్లేడ్లది 1998లో, ఐదు బ్లేడ్లది 2006లో. వాటి పనితీరు ఒకటే. మొదటి బ్లేడు వెంట్రుకను కోస్తూనే కొద్దిగా పైకి లాగుతుంది. ఆ వెంట్రుక మళ్ళీ లోపలికి జారేలోపే వెనక బ్లేడు దాన్ని ఇంకాస్త కిందికి కోస్తుంది. అప్పుడు మిగిలిన మొన చర్మం మట్టానికి కిందికి వెళ్ళిపోతుంది. వెంట్రుకలు నిటారుగా పెరిగేవారికి దీనితో ఇబ్బంది లేదు, చెంప అద్దంలా ఉంటుంది. వెంట్రుక ఉంగరం తిరిగేదయితే మాత్రం ఆ వాడి మొన పైకి రాకుండా పక్కకు వంగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లు దిగినట్టే భావించి వాచిపోతుంది. మీరు చూస్తున్న ఎర్రటి గింజ అదే. డాక్టర్లు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. మెడ మీద ఎక్కువగా రావడానికి కారణం, అక్కడ వెంట్రుకలు చర్మానికి అంటుకుని పడుకున్నట్టు, సుడులు తిరుగుతూ పెరగడం.

సెలూన్లో మేం వాడేది ఎన్ని బ్లేడ్లో ఎప్పుడైనా గమనించారా? ఒక్కటి కూడా కాదు, సగం. రెండంచుల బ్లేడును కాగితంలో ఉండగానే నిలువుగా మడిచి రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను కత్తి పిడిలో దూర్చి గీస్తాం. పెళ్ళికొడుకు గడ్డమైనా ఆ సగం బ్లేడుతోనే నున్నగా వస్తుంది. అలాగని ఆ కత్తిని మీరు ఇంట్లో పట్టుకోవద్దు. దానికి చర్మం తెగకుండా కాపాడే అడ్డుపట్టీ ఉండదు, చేతివాటం కుదరడానికి చాలా కాలం పడుతుంది. మీకు కావలసింది అడ్డుపట్టీ ఉన్న రేజరు.

ఇక కొనడం సంగతి. రాయగడ, పర్లాకిమిడి, బరంపురం ఫ్యాన్సీ దుకాణాల్లో ఈ లోహపు రేజర్లు దొరుకుతాయి. కనిపించకపోతే అడగండి, చాలా చోట్ల వెనక అరలో ఉంచుతారు. ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి. మూడు వందల నుంచి ఆరు వందల రూపాయల మధ్యది చాలు. తల రెండు ముక్కలు, పిడి ఒక ముక్క, మొత్తం మూడు ముక్కలుగా విడివడేది తీసుకోండి. కడగడం తేలిక, చెడిపోయే భాగం ఏదీ ఉండదు. తల అంచున పట్టీ నున్నగా, తిన్నగా ఉండాలి. దువ్వెన పళ్ళలా ఉండేవి, బ్లేడు ఏటవాలుగా కూర్చునేవి, మరతిప్పి పదును హెచ్చుతగ్గులు చేసుకునేవి కూడా అమ్ముతారు. కొత్తలో వాటి జోలికి పోవద్దు. పిడి మీద గరుకు గీతలు లోతుగా ఉన్నాయో లేదో తడి చేత్తో పట్టి చూడండి. నురగ అంటిన చేతిలోంచి జారే పిడి ఎంత మెరిసినా పనికిరాదు.

వంద లోపు దొరికే ప్లాస్టిక్ రెండంచుల రేజర్లు పనికిరానివేమీ కాదు. కానీ అవి మరీ తేలిక. బరువు లేని రేజరును చెయ్యి తనకు తెలియకుండానే నొక్కుతుంది, గాటు పడేది అక్కడే. లోహపు రేజరు తన బరువుతోనే గడ్డాన్ని కోస్తుంది, మీరు దాన్ని నడిపిస్తే చాలు. వాడి పారేసే రేజర్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ప్రయాణంలో ఒక పూటకు సరిపోతాయి, రోజూ మాత్రం వద్దు.

ఒక్క బ్లేడు కార్ట్రిడ్జి రేజరు సంగతి వేరు. దాని పుట్టుక మీ గదికి బాగా నప్పుతుంది. జిలెట్ కంపెనీ మన దేశం కోసం తొలుత తెచ్చిన రేజరును అమెరికాలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల చేత వాడించి చూసింది. అక్కడ కుళాయి తిప్పితే ధారగా నీళ్ళు. ఇక్కడేమో ఎంతోమంది చెంబుడు నీళ్ళు ముందు పెట్టుకుని, నేల మీద కూర్చుని గడ్డం గీసుకుంటారు. ఆ చెంబులో ముంచితే బ్లేడ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు వదల్లేదు. ఆ తర్వాత కంపెనీవాళ్ళు మన ఇళ్ళకు వచ్చి, కూర్చుని చూసి, 2010లో గార్డ్ అనే రేజరు తెచ్చారు. ఒకటే బ్లేడు, వెనక నీళ్ళు తేలిగ్గా పారే ఖాళీ, ముందు భాగాన చిన్న దువ్వెన. అప్పట్లో రేజరు 15 రూపాయలు, బ్లేడు 5 రూపాయలు. ఇప్పుడు ధర కొంత పెరిగినా, కార్ట్రిడ్జి రేజర్లలో జేబుకు అందేవాటిలో ఇదొకటి. లోహపు రేజరుకు చెయ్యి కుదిరేవరకు మీరు దీనితో గీసుకున్నా మెడకు తేడా తెలుస్తుంది.

లోహపు రేజరుకు బ్లేడు ఏదైనా పడుతుంది. రెండంచుల బ్లేడు కొలత అన్ని కంపెనీలకూ ఒకటే, పొడవు సుమారు 43 మిల్లీమీటర్లు, వెడల్పు 22, మందం 0.1. కాబట్టి ఫలానా రేజరుకు ఫలానా బ్లేడే కొనాలన్న కట్టుబాటు లేదు. ఖర్చు తగ్గే రహస్యం కూడా అదే. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్, విల్కిన్సన్, సూపర్‌మ్యాక్స్, మీ కిరాణా కొట్టులో ఏది ఉంటే అది, రెండు మూడు రకాల చిన్న ప్యాకెట్లు తెచ్చుకోండి. ఒక్కో రకాన్ని వారం పాటు వాడండి. ఒకరి చెంపకు హాయిగా ఉన్న బ్లేడు ఇంకొకరి మెడ మీద గీరుతుంది. అది బ్లేడు లోపం కాదు, గడ్డం ముతకదనాన్నిబట్టి, చర్మాన్నిబట్టి మారుతుంది. జపాన్ ఫెదర్ బ్లేడు బాగుంటుందని ఎవరైనా చెబితే ఆరు నెలలు ఆగండి. అది మహా పదును, చెయ్యి నిలకడగా ఉన్నవారికే మంచిది.

లెక్క చూడండి. మామూలు బ్లేడు రెండు మూడు రూపాయలు. రోజూ గీసుకునేవారు నాలుగైదు సార్లకు ఒక బ్లేడు మార్చాలి. నెలకు ఆరు లేదా ఏడు బ్లేడ్లు, అంటే ఇరవై రూపాయల చుట్టుపక్కల. మీరిప్పుడు పెడుతున్న ఖర్చులో మిగిలిన దానితో రెండు నెలల్లోనే రేజరు ఖరీదు తిరిగి వచ్చేస్తుంది. ఇంత చవకైన బ్లేడు దగ్గర పిసినారితనం వద్దు. గీస్తుంటే వెంట్రుక లాగినట్టు అనిపించిన రోజే దాన్ని తీసేయండి. మొద్దుబారిన బ్లేడుతో పడినన్ని గాట్లు కొత్త బ్లేడుతో పడవు.

బ్లేడు ఎందుకు మొద్దుబారుతుందో 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ పరిశోధకులు మైక్రోస్కోపు కింద చూసి చెప్పారు. వెంట్రుక బ్లేడు ఉక్కు కంటే సుమారు 50 రెట్లు మెత్తన. అయినా గీస్తున్నప్పుడు వెంట్రుక పక్కకు వంగితే, బ్లేడు అంచులో లోహం అంతటా ఒకేలా లేని చోట, సన్నటి పెచ్చులు లేచిపోతాయి. అంచు అరిగిపోవడం కంటే అలా పెచ్చులు ఊడడమే ఎక్కువ చేటు. దీని నుంచి మనం తెలుసుకోవలసింది, గడ్డం ఎంత నానితే బ్లేడుకు అంత మంచిది, చర్మానికీ అంతే మంచిది.

నానబెట్టడమంటే రెండు చుక్కలు చల్లుకోవడం కాదు. స్నానం చేశాక గీసుకోండి. కుదరకపోతే గోరువెచ్చని నీళ్ళలో ముంచిన తువ్వాలును రెండు మూడు నిమిషాలు గడ్డం మీద, మెడ మీద అదిమి పట్టండి. డ్యూటీ నుంచి వచ్చాక గీసుకునేట్టయితే ముందు చెమట, దుమ్ము సబ్బుతో కడిగేయాలి.

మీరు బోరు నీళ్ళ మాట రాయడం మంచిదైంది, చాలామంది అది చెప్పరు. ఉప్పదనం ఉన్న నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. సబ్బు తెట్టుగా మారిపోతే నురగ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పలుచని నురగ మొహం మీదే ఆరిపోతుంది, బ్లేడు ఎండు చర్మం మీద నడుస్తుంది. మీ మంటలో దీని వాటా కూడా ఉంది. గడ్డానికి కావలసింది ఒక మగ్గు నీళ్ళే కదా, తాగడానికి తెచ్చుకునే మంచినీటి నుంచి ఆ మాత్రం పక్కన పెట్టుకోండి. లేదా బోరు నీటిని బాగా మరగబెట్టి, చల్లార్చి, అడుగున తేరిన తెలుపును వదిలేసి పైనీళ్ళు వాడండి, కొంత మేలు. క్రీము బఠాణీ గింజంత తీసుకుని బ్రష్షుతో మొహం మీదే గుండ్రంగా తిప్పండి. నురగ చిక్కగా, కింద చర్మం కనిపించకుండా ఉండాలి. చేత్తో రాసుకుంటే వెంట్రుక పడుకునే ఉంటుంది, బ్రష్షు దాన్ని లేపి నిలబెడుతుంది.

ఇప్పుడు అసలు పని. సెలవు రోజున గడ్డం గీయకుండా ఉంచి, మర్నాడు అద్దం ముందు నిలబడి మెడ మీద వేలికొనతో నిమరండి. నున్నగా జారిన వైపు వెంట్రుక వాలు. గరుకుగా తగిలిన వైపు ఎదురు. చెంప మీద వాలు చాలామందికి కిందికే ఉంటుంది. మెడ మీద అలా కాదు. కుడివైపు కిందికి, ఎడమవైపు చెవి దిక్కుకు, గొంతుముడి దగ్గర పైకి, ఇలా ఒకే మెడలో మూడు వాలులు ఉన్నవారిని రోజూ చూస్తాను. మీ మెడ పటం మీ వేలికి తెలియాలి. కాగితం మీద బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టుకున్నా తప్పులేదు.

రేజరు తలను చెంపకు బల్లపరుపుగా ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ రండి. బ్లేడు వెంట్రుకను తాకిన చిన్న చప్పుడు వినిపించిన చోట ఆపండి. అప్పుడు బ్లేడుకూ చర్మానికీ మధ్య సుమారు 30 డిగ్రీల కోణం ఉంటుంది. ఆ కోణం చెదరకుండా అంగుళమంత చిన్న గీతలు గీయండి. కార్ట్రిడ్జి రేజరు తలకు కీలు ఉంటుంది, అది దానంతటదే వంగుతుంది. దీనికి మీ మణికట్టే వంగాలి, మొదటి వారం అలవాటు కావలసింది అదే. నొక్కకండి. దవడ ఎముక మలుపులో, గడ్డం మొన దగ్గర ఇంకా మెల్లగా.

మొదటిసారి అంతా వాలు వెంటే గీయండి. మళ్ళీ నురగ రాసి, రెండోసారి వాలుకు అడ్డంగా. డ్యూటీకి అది చాలు, రెండడుగుల దూరంలో నిలబడిన ఏ అధికారికీ మీ గడ్డం కనిపించదు. మెడ మీద ఎదురుగా గీయడం మాత్రం మానేయండి. చర్మాన్ని వేళ్ళతో బిగలాగి గీయడం కూడా మానేయండి. లాగి పట్టి కోసిన వెంట్రుక, వదలగానే లోపలికి జారుతుంది, మళ్ళీ మూడు బ్లేడ్లతో వచ్చిన ఫలితమే వస్తుంది. ఒక చోట గరుకు మిగిలిందని నురగ లేని చర్మం మీద పదేపదే గీయడం, ఇదొక్కటి మానుకున్నా సగం మంట తగ్గిపోతుంది.

రెండు మూడు గీతలకు ఒకసారి రేజరును మగ్గులో ముంచి అటూ ఇటూ కదపండి, వెంట్రుకలు వదిలిపోతాయి. మగ్గు అంచుకేసి కొట్టవద్దు, బ్లేడు అంచును తువ్వాలుతో తుడవవద్దు. పని అయ్యాక తల వదులు చేసి కడిగి, నీళ్ళు విదిలించి, గాలి తగిలే చోట పెట్టండి.

గీసుకున్నాక చల్లటి నీళ్ళతో కడుక్కుని, పటిక ముక్క తడిపి మొహం మీద నెమ్మదిగా రుద్దండి. ఒడియా కొట్లలో ఫిట్కిరి అని అడిగితే ఇస్తారు, పది రూపాయల ముక్క నెలల తరబడి వస్తుంది. చిన్న గాట్ల నెత్తురు ఆగుతుంది. ఎక్కడ చురుక్కుమందో అక్కడ మీరు నొక్కి గీశారని అర్థం. అర నిమిషం ఉంచి కడిగేయండి. ఘాటైన స్పిరిటు ఆఫ్టర్‌షేవ్ మీ మెడకు వద్దు, వాసన లేని మామూలు లోషను కొంచెం చాలు.

పటికైనా రేజరైనా మీది మీకే. గదిలో ఇద్దరు ముగ్గురు ఉంటారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. నెత్తురు అంటిన బ్లేడు ద్వారా హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి సోకే ప్రమాదం ఉంది. సెలూనుకు వెళ్ళినప్పుడు కూడా మీ కళ్ళ ముందు కొత్త బ్లేడు కాగితం విప్పమని అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే మంగలి దగ్గర కూర్చోవద్దు. సెలూన్లో అందరికీ రుద్దే పటిక దిమ్మను కూడా వద్దనండి. మా సెలూన్లో పటికను పొడి చేసి, మనిషికి కొంచెం తీసి వాడతాం.

ఇప్పటికే ఉన్న గింజలను సూదితోనూ, గోటితోనూ కెలకవద్దు, నల్లమచ్చలు నిలిచిపోతాయి. వాటి మీద నుంచి గీయకుండా, వీలైతే సెలవుల్లో కొన్నాళ్ళు మెడను వదిలేయండి. పై పద్ధతితో నెల రోజుల్లో తేడా కనిపించాలి. చీము పట్టినా, గుండ్రంగా పొలుసు కట్టి దురద పెట్టినా అది తామరో, ఇంకేదో కావచ్చు, రేజరు మార్చితే పోదు. మందుల కొట్టులో అడిగి ట్యూబు తెచ్చి రాయడం మన ప్రాంతంలో బాగా అలవాటు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మొదట మంట తగ్గించి, తర్వాత చర్మాన్ని పలుచన చేసి తామరను ముదరబెడతాయి. మీకు కోరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ఇటు వస్తే బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. చర్మ విభాగంలో చూపించుకోండి. గింజలు మరీ మొండివైతే డాక్టరు కొన్నాళ్ళు గీయవద్దని, ట్రిమ్మరు వాడమని చెప్పవచ్చు. ట్రిమ్మరు కొద్దిపాటి మొలకను వదిలేస్తుంది కాబట్టి ఆ చీటీ మీ సూపర్‌వైజరుకు చూపించి ముందే మాట్లాడుకోవడం మంచిది.

వాడిన బ్లేడ్లను చెత్తబుట్టలో వేయకండి. ఖాళీ డబ్బా మూతకు సన్నటి చీలిక పెట్టి అందులో వేస్తూ ఉండండి, నిండాక మూతను గట్టిగా టేపు చుట్టేయండి. చెత్త ఎత్తే మనిషి చేతులు పైకి కనిపించని బ్లేడు మీద పడకూడదు.

ఇక తాతగారి రేజరు. మీరు ఇనుపది అన్నారు, అయితే ఆ కాలంవి ఎక్కువగా ఇత్తడితో చేసి పైన నికెల్ పూత వేసినవి. కింగ్ క్యాంప్ జిలెట్ 1904లో అమెరికాలో పేటెంటు పొందిన రేజరు సూత్రమే దానిదీ. ఇప్పటి బ్లేడు అందులో పడుతుందో లేదో కొత్త బ్లేడు పెట్టి చూస్తే తెలిసిపోతుంది, చాలావరకు పడుతుంది. పూజ సామాను తోమినట్టు చింతపండుతో తోమవద్దు, పులుపు పూతను తినేస్తుంది. వేడినీళ్ళలో గిన్నెల సబ్బు కలిపి గంటసేపు నానబెట్టి, పాత టూత్ బ్రష్షుతో మూలమూలలా తోమండి. ఏళ్ళ తరబడి గట్టిపడిన సబ్బు పెళ్ళలుగా ఊడి వస్తుంది. పిడి ప్లాస్టిక్‌ది కాకపోతే కొన్ని నిమిషాలు మరుగుతున్న నీళ్ళలో వేసి తీయండి. పిడి తిప్పితే తల రెండు రెక్కలుగా తెరుచుకునే రకమయితే మరలో ఒక చుక్క కొబ్బరినూనె వేయండి.

తర్వాత బ్లేడు బిగించి, తలను మీకు ఎదురుగా, కంటి మట్టానికి పట్టుకుని చూడండి. రెండు వైపులా బ్లేడు అంచు ఒకేలా, తిన్నగా బయటికి కనిపించాలి. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువగా ఉంటే బ్లేడును విప్పి మళ్ళీ బిగించి చూడండి. అప్పటికీ వంకర పోకపోతే తల వంగిందని అర్థం, దాన్ని మొహానికి తగిలించకండి, కొత్తది కొనుక్కోండి. తిన్నగా ఉంటే రేజరు కొనే పనే లేదు. ఆ డబ్బుతో మంచి బ్రష్షు ఒకటి, రెండు మూడు రకాల బ్లేడ్లు, ఒక పటిక ముక్క తెచ్చుకోండి. వచ్చే సెలవు రోజు తీరిగ్గా మొదలుపెట్టండి, డ్యూటీ ఉన్న ఉదయం వద్దు.